విద్వత్సభలు: వినుటకా, నేర్చుటకా?

సభ యనునది మన జాతికి క్రొత్తది కాదు. శాస్త్రార్థములు జరిగిన రాజాస్థానములు, పురాణశ్రవణమునకు జనులు కూడిన దేవాలయ మండపములు, ఊరి తగవులు తీర్చిన రచ్చబండలు తెలుగునాట ప్రతి సీమయందును ఉండెను. ఇవియన్నియు నొక యెత్తు, అవధానమొక యెత్తు. అవధానమునందు పృచ్ఛకుడు లేనిదే అవధాని లేడు. సమస్య నిచ్చువాడొకడు, అక్షరమును నిషేధించువాడొకడు, నడుమ నడుమ అప్రస్తుత ప్రసంగము చేయువాడొకడు. ఇందరును ఎవరి పని వారు చేసిననే అది సభ యగును. ఎదుట కూర్చున్నవారిలో కొందరు వినువారు మాత్రమే కాక అడుగువారు కూడ కావలెనను నియమము ఆ కళలోనే యిమిడియున్నది.

నేడు కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను జరుగు విద్వత్సదస్సులలో ఈ నియమము ఎంతవరకు కానవచ్చుచున్నది? ప్రారంభోత్సవమునకు ఒక పూట చెల్లును. శాలువలు, పుష్పగుచ్ఛములు, స్వాగత వచనములు, వందన సమర్పణములు ముగియునప్పటికి భోజనవేళ యగును. మధ్యాహ్నము ఇరువది పత్రములు. ఒక్కొక్క పత్రమునకు పది నిమిషములు. పదవ నిమిషమున గంట. ప్రశ్నలకు కాలము చాలదు. సాయంకాలము ప్రమాణపత్రములు చేతబట్టుకొని ఎవరి బండి వారు ఎక్కుదురు. ఎవరికి వారే యమునాతీరే అన్నట్లు, వచ్చినప్పుడు ఎవరెంత యెరుగుదురో వెళ్ళునప్పుడును అంతే యెరిగియుందురు. అన్ని సభలును ఇట్లే యున్నవని మేమనుట లేదు. కాని ఇట్టివి అరుదు కాదని సభలకు వెళ్ళువారందరును ఒప్పుకొందురు. సభ వినుటకా, నేర్చుటకా? ఇదియే మా ప్రశ్న.

ఈ ప్రశ్నను గాలిలో నిలిపి చర్చింపదలచుకొనలేదు. దానికొక నేల కావలెను. ఆ నేలగా వికారాబాదు, తాండూరు సీమను గ్రహించితిమి. 1874లో వాడీనుండి సికిందరాబాదునకు వేసిన రైలుమార్గము ఈ రెండు పట్టణములమీదుగా పోవుచున్నది. వికారాబాదు ప్రక్కనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. తాండూరు చెంత కాగ్నానది పారి భీమానదిలో కలియుచున్నది. అనంతగిరి చుట్టుపట్ల ఎర్రనేలలు, తాండూరు వైపున లోతైన నల్లరేగడులు, వాటి క్రింద పొరలు పొరలుగా నాపరాయి. ఇంటింట అరుగులపైనను గచ్చులందును పరచిన తాండూరు బండలను, వంటయింట ఉడుకు తాండూరు కందిపప్పును ఎరుగని తెలుగువారు తక్కువ. కన్నడసీమ సరిహద్దగుటచే ఇచ్చటి సంతలో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినవచ్చును. వేర్వేరు భాషలవారు, వేర్వేరు విద్యలవారు ఒకచోట కూడి మాటలాడుకొను అవసరము నిత్యమును గల సీమ యిది. 2016 అక్టోబరులో వికారాబాదు జిల్లా యేర్పడెను. అంతకుముందు 1978నుండి ఈ ప్రాంతము రంగారెడ్డి జిల్లాలో నుండెను. ఆ జిల్లా కే పురుషుని పేరు పెట్టిరో ఆ కొండా వెంకట రంగారెడ్డిగారు 1936లో షాద్‌నగరునందు జరిగిన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షులు. ఆ మహాసభ పుట్టుకకు మూలమైన కథయే మన విషయమునకు మొదటి పాఠము.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలయందు నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ సభ జరిగెను. పూనానుండి వచ్చిన కర్వే పండితులు అధ్యక్షత వహించిరి. ఉర్దూలోను మరాఠీలోను ఆంగ్లములోను ఉపన్యాసములు సాగెను. అప్పుడు అల్లంపల్లి వెంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున ప్రసంగింపబూనగా సభలోని పలువురు ఎగతాళిచేసి అల్లరి యొనర్చిరి. ఆయన మాట ముందుకు సాగనేలేదు. ఆ రాజ్యమున తెలుగువారే అధికసంఖ్యాకులు. వారి భాషకే సభలో చోటు లేకపోయెను. సంస్కరణమునుగూర్చి అచ్చట ఎన్ని మంచి మాటలు చెప్పబడినను, ఒక మనిషి తన నోట తన భాషను పలుకజాలని సభ ఆతనికేమి నేర్పగలదు?

ఆ అవమానము వృథా పోలేదు. ఆ రోజులలోనే కొలదిమంది తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము పోసినవారిలో ముఖ్యులు. సంఘము పూనిన పనులను పరికింపుడు: గ్రంథాలయములు, పఠన మందిరములు నెలకొల్పుట, విద్యార్థులకు సాయపడుట, తాళపత్రములను శాసనములను సేకరించుట. ఉపన్యాసములతో తృప్తిపడక, సభకు వచ్చినవాడు ఊరికి తిరిగి వెళ్ళిన పిమ్మట చేయదగిన పనిని వారు చేతికిచ్చిరి. ఈ ప్రయత్నమే పెరిగి 1930 మార్చిలో, వికారాబాదునకు ఉత్తరముననున్న జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభగా రూపొందెను.

శాసనముల సేకరణమును ప్రత్యేకముగా చెప్పుకొనవలెను. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో స్వర్గస్థులైన పిమ్మట ఆయన పేర లక్ష్మణరాయ పరిశోధక మండలి యేర్పడెను. ఆదిరాజు వీరభద్రరావుగారు ఆ పనిని మోసిరి. 1935లో ‘తెలంగాణా శాసనములు’ అను సంపుటము వెలువడెను. శాసనము ఏ శిథిలాలయపు గడపయందో, ఏ చెరువుకట్టపైనో పడియుండును. అది అచ్చట నున్నదని ఊరివానికి తెలియును. అందేమున్నదో పండితునకు తెలియును. ఒకనికి తెలిసినది మరియొకని చెంతకు చేరనిచో ఆ రాయి రాయిగానే యుండును. ఇరువురును కలిసినప్పుడే చరిత్రము పుట్టును. విద్వత్సభ చేయవలసిన పనికి ఇంతకు మించిన ఉపమానము మాకు తోచుట లేదు.

ఇది భాషోద్యమపు కథ గదా, శాస్త్రజ్ఞుల సభలకు దీనితో నేమి పని యని కొందరడుగవచ్చును. కావున శాస్త్రలోకమున పేరెన్నికగన్న ఒక సభను చూతము. 1860 సెప్టెంబరు 3, 4, 5 తేదీలలో జర్మనీదేశపు కార్ల్స్రూహె నగరమున రసాయనశాస్త్రవేత్తలు సుమారు 140 మంది కూడిరి. ఆనాటికి పరమాణువు, అణువు అను మాటలకు నిశ్చితార్థము లేదు. పరమాణు భారముల లెక్కలు దేశమునకొక తీరుగా నుండెను. మనము వంటలో వాడు పులుపునీటిలోని ఎసిటికామ్లమునకే 19 విధములైన సంకేతములు చలామణిలో నుండెను. ఒకరి వ్రాత మరియొకరికి తెలియని స్థితి. కెకూలే, వుర్ట్స్, వెల్ట్సీన్ అను మువ్వురు ఈ సభను తలపెట్టిరి.

వారు చేసిన మొదటి మంచి పని యేమనగా, పత్రములు చదువుడని పిలువక, తేలవలసిన ప్రశ్న లివి యని ముందుగనే తెలిపిరి. సభలో ఒక ఉపసంఘము కూర్చుండి ప్రశ్నలను కూర్చి చర్చకు పెట్టెను. అయినను మూడవనాటికి ఏకాభిప్రాయము కుదురలేదు. ఇటలీనుండి వచ్చిన కన్నిజారో మిక్కిలి సమర్థముగా వాదించెను. కాని శాస్త్రసత్యమును చేతులెత్తించి నిర్ణయించుట తగదని పలువురు తలచిరి. సభ ముగిసి అందరును లేచుచుండగా కన్నిజారో మిత్రుడైన పావేసి, ఆయన 1858లో వ్రాసిన చిన్న పుస్తకమును ఒక్కొక్కరి చేత నుంచెను. లోథర్ మేయరను యువకుడు దానిని జేబులో వేసికొనిపోయి తీరికగా చదివెను. ఆతని సందేహములు తీరెను. రష్యానుండి వచ్చిన ఇరువదియారేండ్ల మెండెలీయెఫ్ కూడ ఆ సభలో నుండెను. అచ్చట విన్న సవరించిన పరమాణు భారములే ఆయన 1869లో ప్రకటించిన మూలకముల పట్టికకు ఆధారమయ్యెను. ఆ సభ ఫలము తీర్మానములలో లేదు. ముందుగా తెలిసిన ప్రశ్నలో, నోరార జరిగిన చర్చలో, వెళ్ళునప్పుడు చేతికందిన పుస్తకములో నుండెను.

మన దేశమున భారత విజ్ఞాన మహాసభ 1914 జనవరిలో కలకత్తాలో మొదలయ్యెను. ఆ మొదటి సమావేశమున 105 మంది పాల్గొని 35 పత్రములను చదివిరి. తక్కువ పత్రములు, తెలిసిన ముఖములు, మాటలాడుకొనుటకు కావలసినంత తీరిక. 1937లో ఆ మహాసభ హైదరాబాదునకు వచ్చినప్పుడు చెరకు వంగడముల పరిశోధనలో ప్రఖ్యాతులైన టి. ఎస్. వేంకటరామన్ గారు అధ్యక్షులై భారత గ్రామమునే తమ అధ్యక్షోపన్యాసమునకు విషయముగా గ్రహించిరి. శాస్త్రజ్ఞుల సభలో గ్రామమునకు చోటు దొరకెను. ఇక గ్రామస్థునకు చోటు దొరకుట యను మరియొక మెట్టు మిగిలియుండెను. ఆ మెట్టు ఎట్టిదో తాండూరు కందిచేను మనకు చూపును.

కంది మొలచిన మొదటి రెండు నెలలు మెల్లగా పెరుగును. సాళ్ళ నడుమ నేల బయలుగా నుండును. కావున మన రైతులు తరతరములుగా ఆ నడిమి నేలలో జొన్నయో, పెసరయో, మినుమో వేయుచున్నారు. అవి త్వరగా పండి యింటికి చేరును. అప్పుడు కంది కొమ్మలు చాచి, లోతైన వేళ్ళతో అడుగు తేమను పీల్చి, వానలు వెనుకబట్టిన పిమ్మట కాపునకు వచ్చును. ఒక పంట పోయినను మరియొకటి చేతికందును. ఒకప్పుడు ఏక పంటయే శాస్త్రసమ్మతమనియు, కలిపి వేయుట పాతకాలపు అలవాటనియు భావించినవారు కలరు. 1972లో పటాన్‌చెరువునందు అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ, అనగా ఇక్రిశాట్, వెలసిన పిమ్మట ఆ యలవాటును కొలతవేసి చూచిరి. జొన్నను కందిని విడివిడిగా వేసి పొందు ఫలముకంటె అంతే నేలలో కలిపి వేసి పొందునది అధికమని లెక్క తేలెను. 1979 జనవరి 10 నుండి 13 వరకు ఆ సంస్థ అంతర పంటలపై అంతర్జాతీయ గోష్ఠిని జరిపెను. పత్రములు శాస్త్రజ్ఞులవి, వాటిలోని విద్యకు మూలము రైతుల చేలు.

ఇది ఇంతటితో నాగలేదు. కందిని పీడించు ఎండుతెగులునకు నేలలో నివసించు ఒక శిలీంధ్రము కారణమని బట్లరు 1906 ప్రాంతమున కనుగొనెను. జొన్నతో కలిపి వేసిన చేలలో ఈ తెగులు తగ్గుచున్నదని 1985లో ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఎర్రనేలలందు భాస్వరము ఇనుముతో ముడివడి మొక్కల కందకుండును. కందివేరు స్రవించు ఒక ఆమ్లము ఆ ముడిని విప్పునని 1990లో మరియొక పరిశోధనలో తేలెను. రైతు ఏమి చేయవలెనో యెరిగియుండెను, ఎందులకో యెరుగడు. శాస్త్రజ్ఞుడు ఎందులకో కనుగొనగలడు; ఏమి అడుగవలెనో చేనే చెప్పవలెను. శాసనము దగ్గర ఊరివాడును పండితుడును కలిసినట్లే ఇచ్చట వీరిరువురును కలియవలసియున్నది.

ఈ కలయికకు ఇటీవలి ఫలమొకటి మన కన్నుల యెదుట నున్నది. 2022 డిసెంబరులో తాండూరు కందిపప్పునకు భౌగోళిక గుర్తింపు లభించెను. యాలాల రైతు ఉత్పత్తిదారుల సంఘము పేర దరఖాస్తు వెళ్ళెను. తాండూరునందలి వ్యవసాయ పరిశోధన స్థానము శాస్త్రాధారములు చేకూర్చెను. ఈ పప్పు రుచికిని నిలువకును ఇచ్చటి లోతైన నల్లరేగడి, దానిలోని అట్టపల్గైటను బంకమట్టి ఖనిజము, అడుగున నున్న సున్నపురాయి కారణములుగా చూపబడెను. ‘మా నేల పప్పు వేరు’ అని రైతు ఎంత కాలము చెప్పినను అది మాటగానే యుండెను. ఖనిజము పేరు దానికి తోడైనప్పుడు అది హక్కుగా మారెను. రైతు చెప్పనిచో ఆ ఖనిజము కొరకు వెదకువారే లేకపోవుదురు. విద్వాంసులును అవిద్వాంసులనబడువారును ఒకరి నొకరు విన్నచో ఒరుగునది మర్యాద మాత్రమే కాదు. బజారులో ధర, పేరు, బ్రతుకు.

మరి సభలోనే రైతునకు పృచ్ఛక స్థానమిచ్చిన సందర్భము కలదా? కలదు, అదియు దూరమున కాదు. వికారాబాదునుండి బీదరు వైపు పోవు రైలు దారిలో జహీరాబాదు వచ్చును. ఆ ప్రాంతపు అల్గోలు గ్రామమున 2001 జూను 25 నుండి జూలై 1 వరకు ‘ప్రజాతీర్పు’ అను సభ జరిగెను. వ్యవసాయము ఇరువది యేండ్లకు ఎట్లుండవలెనను ప్రశ్నపై మూడు వేర్వేరు భవిష్యచ్చిత్రములను చలనచిత్ర రూపమున చూపిరి. ప్రభుత్వోద్యోగులు, శాస్త్రజ్ఞులు, వ్యాపారసంస్థలవారు, స్వచ్ఛంద సేవకులు సాక్షులుగా వచ్చిరి. వారిని ప్రశ్నించి తీర్పు చెప్పినది చిన్నకారు, సన్నకారు రైతులతో కూడిన పంచాయతీ. అందు అధికసంఖ్యాకులు స్త్రీలు. చూపిన మూడు చిత్రములలో నొకదానిని ఎన్నుకొని యూరకుండక వారు తమ భావి జీవితమునుగూర్చి తమ మాటలలో ఒక ప్రకటనమును కూర్చుకొనిరి. ఆ సభ నడిపిన తీరు నిష్పాక్షికమేనా యని మరుసటి యేడు ఇంగ్లండునందు వాదోపవాదములు జరిగెను. జరుగవలసినదే. సాక్షుల నెవరు ఎన్నుకొనిరి, చిత్రముల నెవరు తీసిరి అను ప్రశ్నలు ప్రతి సభను అడుగదగినవే. కాని వేదికను తలక్రిందులు చేసి, ఎన్నడును అడుగనివారిచే అడిగించిన ఆ ఏర్పాటునుండి పండితసభలు గ్రహింపవలసినది చాల కలదు.

ఇట్టి చర్చవలన నిజముగా విద్య పెరుగునా, లేక కాలక్షేపమగునా? దీనికి సమాధానము మన రేడియో చరిత్రమునందే యున్నది. 1956లో ఆకాశవాణి పూనా కేంద్రము, ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞాన సంస్కృతి సంస్థ తోడ్పాటుతో, సుమారు 150 గ్రామములలో రేడియో గ్రామీణ గోష్ఠులను నడిపెను. కెనడాదేశమునందు 1941లో మొదలైన పద్ధతి దానికి మార్గదర్శి. ఫిబ్రవరినుండి ఏప్రిలు వరకు, వారమునకు రెండు మారులు, అరగంట చొప్పున 20 కార్యక్రమములు. ఊరిలో ఇరువదిమంది గుంపుగా కూర్చుండి వినవలెను. రేడియో ఆపి విన్నదానిని చర్చింపవలెను. సందేహములను వ్రాసి కేంద్రమునకు పంపవలెను. వాటికి సమాధానములు తిరిగి ప్రసారమగును.

పరిశోధకులు మూడు విధములైన గ్రామములను పరీక్షించిరి: గోష్ఠులు గల గ్రామములు, రేడియో యున్నను గోష్ఠి లేని గ్రామములు, రేడియోయే లేని గ్రామములు. కార్యక్రమములకు ముందును పిమ్మటను అవే ప్రశ్నలడిగి చూడగా గోష్ఠి గ్రామములలో పరిజ్ఞానము ఎంతయో పెరిగెను. తక్కిన గ్రామములలో పెరుగుదల స్వల్పము. పెట్టె యొక్కటియే చాలదని దీనివలన తేలెను. పెట్టె చుట్టు కూర్చున్నవారు ఒకరితో నొకరు మాటలాడుకొన్నప్పుడే విన్నది విద్యగా మారెను. తరువాతి కాలమున ఈ గోష్ఠులు దేశమున ఇతర ప్రాంతములకు వ్యాపించెను. జహీరాబాదు చెంత మాచునూరులో 2008 అక్టోబరు 15న ‘సంఘం రేడియో’ మొదలైనప్పుడు వినువారే పలుకువారైరి. ఆ యూళ్ళ దళిత మహిళలే దానిని నడుపుచున్నారు. ఇంటింట రేడియోగల కుటుంబములవారికి ఈ సంగతి మరింత దగ్గరిది. ఒక ప్రసంగము విని పెట్టెను కట్టివేయు యింటికిని, దానిపై అరగంట వాదించు యింటికిని గల భేదము వారు ఎరిగినదే.

ఇన్ని దృష్టాంతములనుండి మేము గ్రహించినదానిని వికారాబాదు, తాండూరు కళాశాలలకు అన్వయించి చూచెదము. తాండూరునందు నాపరాతి గనులపై నొక సదస్సు తలపెట్టిరనుకొందము. మొదట, ఆహ్వానముతోపాటు తేలవలసిన ప్రశ్నలు వెళ్ళవలెను: గనులనుండి వెలువడి గుట్టలుగా పడియున్న రాతిముక్కల నేమి చేయుట? దుమ్మువలన కార్మికుల ఊపిరితిత్తుల కేమగుచున్నది? పాడువడిన గుంతలలోని నీరు పొలమున కుపయోగించునా? పత్రములను పది దినములు ముందుగ అందరికిని పంపవలెను. సభలో వాటిని చదువక, ఐదు నిమిషములలో సారాంశమును చెప్పి, మిగిలిన కాలమును చర్చకు విడువవలెను. రాతిని చీల్చు పనివాడు, పాలిషు యంత్రముల యజమాని, భూగర్భశాస్త్రజ్ఞుడు, వైద్యుడు, ఆ యేటి విద్యార్థి వరుసలుగా కాక ఏడెనిమిదిమంది చొప్పున గుంపులుగా కూర్చుండవలెను.

భాష విషయమున 1921 నాటి పాఠమును మరువరాదు. ఆంగ్లము రానివాడు మూఢుడు కాడు. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థి వెనుక వరుసలో మౌనముగా కూర్చుండుటకు తెలివి లేక కాదు. తప్పు మాటలాడుదునేమో యను భయముచేత. తెలుగున, అవసరమైనచో ఉర్దూనను కన్నడమునను, అడుగవచ్చునని అధ్యక్షుడు మొదటనే ప్రకటించి, తానే ఒక ప్రశ్నను ఆ భాషలో అడిగినచో ఆ భయము సగము తీరును. నోరు విప్ప వెరచువారికి చీటీలు ఇచ్చి వ్రాయుమనవచ్చును. పూనా గోష్ఠులలో జరిగినదదియే గదా.

చర్చకు కాలమిచ్చిన వెంటనే సభ పండునని భ్రమపడరాదు. గొంతు పెద్దదైనవాడే గంటసేపు మాటలాడు ప్రమాదము కలదు. ప్రశ్న యను పేర రెండవ ఉపన్యాసమును మొదలిడువారును కలరు. ఇచ్చట మరల అవధానమే మనకు గురువు. అప్రస్తుత ప్రసంగికి కూడ అందు స్థానమున్నది. కాని ఆ స్థానమునకొక హద్దున్నది. పృచ్ఛకులందరికిని వంతులున్నవి. ఆ వంతులను నడుపుటయే అధ్యక్షుని పని. పామరులు చేరినచో శాస్త్రపు లోతు తగ్గునను ఆక్షేపణయు వినవచ్చుచున్నది. కార్ల్స్రూహెలో కూడినవారందరును నిపుణులే. నిపుణుల సభ నిపుణులకే యుండవచ్చును. అచ్చటను ముందుగా పంపిన ప్రశ్న, నోరార చర్చ, చేతికందిన పుస్తకము అవసరమయ్యెను. విషయము నేలకును బ్రతుకునకును సంబంధించినదైనప్పుడు ఆ నేల దున్నువాడును నిపుణుడే యని తాండూరు కంది చెప్పుచున్నది.

కడపటి నియమము మిక్కిలి సులభము, మిక్కిలి అరుదు. సభలో తేలక మిగిలిన ప్రశ్నలను ఒక పుస్తకమున వ్రాయవలెను. ఏ ప్రశ్నను ఎవరు చేపట్టిరో దాని ప్రక్కనే వ్రాయవలెను. మరుసటి యేటి సభ ఆ పుస్తకమును తెరచి చదువుటతో మొదలు కావలెను. సమాధానము దొరకినచో, ఆ ప్రశ్న నడిగినవాడు రాళ్ళు చీల్చు పనివాడైనను, మొదటి వత్సరపు విద్యార్థియైనను, ఆతనికి ఆతని భాషలో తెలియజేయవలెను. శాలువలకగు ఖర్చుకంటె ఒక కార్డు ఖర్చు తక్కువ. తన ప్రశ్నకు సమాధానము వచ్చిన మనిషి మరుసటి సభకు పిలువకయే వచ్చును. వచ్చునప్పుడు మరియొక ప్రశ్నను తెచ్చును.